పనిలో ఉన్న సముద్రం



సముద్రం లేని జిల్లాల్లో పుట్టి పెరిగిన వాళ్లం మేం. మాకు నీళ్లంటే చెరువు, వాగు, ఎండాకాలం వస్తే ఇసుక మేటలే మిగిలే నది. అందుకే బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పిల్లల పాట ఒక్కటే, సముద్రానికి పోదామని. గోవా దూరం, చెన్నైలో భాష రాదు అని లెక్కలు వేసి వేసి చివరికి పెద్దవాళ్లు విశాఖపట్నం దగ్గర ఆగుతారు. సాయంత్రం హైదరాబాదులో బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ మా వరంగల్లు మీదుగానే పోతుంది. 1974లో మొదలైన బండి అది. రాత్రి పిల్లల్ని పడుకోబెడితే తెల్లవారేసరికి విశాఖలో దిగొచ్చు.

నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు అట్లాగే వెళ్లాం. ఎట్లుంది వైజాగ్ అని తిరిగొచ్చాక అందరూ అడిగారు. బాగుంది అంటే సగం అబద్ధం, బాగాలేదు అంటే ఇంకో సగం అబద్ధం. మేం పెద్దవాళ్లం మెచ్చుకున్నవి పిల్లలకు పట్టలేదు. వాళ్లు నోరు తెరుచుకుని చూసినవి మేం రాసుకుపోయిన జాబితాలోనే లేవు. పిల్లలతో ఊరు చూడడమంటే మూడడుగుల ఎత్తు నుంచి చూడడం. ఆ ఎత్తు నుంచి చూస్తే ఊళ్ల గొప్పలు కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి.

అందం సంగతి ముందు ఒప్పుకోవాలి. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇంత పెద్ద నగరం తెలుగు నేల మీద ఇంకోటి లేదు. ఆటో సిరిపురం దాటి బీచ్ వైపు దిగుడు రోడ్డులోకి తిరిగేసరికి రోడ్డు చివర నీలంగా ఒక గోడ లేచి నిలబడింది. మా బాబు, "డాడీ, సముద్రం మనకంటే ఎత్తుల ఉందేంది? మీద పడదా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. పల్లానికి దిగేటప్పుడు క్షితిజరేఖ మన కళ్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నీరు పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఆటో ఆయన నవ్వి, "పడదు బాబూ, మేం ఇన్నేళ్లబట్టీ ఇక్కడే ఉన్నాం కదేటి" అన్నాడు. వాడికి ఆ భరోసా చాలింది.

ఇబ్బంది మరునాడు పొద్దున మొదలైంది. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ముందున్న తీరం కాబట్టి రామకృష్ణా బీచ్, జనం నోట్లో ఆర్కే బీచ్. తెల్లవారుజామున కొన్ని గంటలు ఆ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, నాలుగు చెట్ల కింద యోగా చేసే పెద్దలు కనిపిస్తారు. ఆ ఊరు చేసిన మంచి పనుల్లో నేను మొదట చెప్పేది ఇదే. పెద్ద నగరంలో పిల్లాడి చెయ్యి వదిలి రోడ్డు మధ్యన నడిచే వీలు ఎన్నిచోట్ల ఉంది?

అయితే మా పిల్లలు వచ్చింది రోడ్డు మీద నడవడానికి కాదు. చెప్పులు విసిరేసి నీళ్ల వైపు పరుగు తీశారు. చీలమండలు తడిశాయో లేదో, పక్కన వల సర్దుకుంటున్న ఒక పెద్దామె కేకేసింది: "ఓ బాబూ, పిల్లల్ని అలా వదిలీకండి. రెండు కెరటాలు బాగానే వస్తాయి, మూడోది లాగీసుకుంటాది." అంతలోనే కాపలా మనిషి ఈల ఊదాడు. వెనక్కి పిలిచాం. మా వాడు ఏడుపు. సముద్రం దాకా తీసుకొచ్చి సముద్రంలో ఆడుకోవద్దంటే వాడికి ఏ న్యాయం ప్రకారం సర్దిచెప్పాలి?

ఆమె మాట అక్షరాలా నిజం. ఆర్కే బీచ్ దగ్గర ఒడ్డు నిటారుగా దిగిపోతుంది. మోకాలి లోతు అనుకున్న చోటు నుంచి రెండడుగులు వేస్తే నడుము లోతు. దానికి తోడు రిప్ కరెంట్ అనేది ఒకటుంది. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ పాయగా కూడి వేగంగా వెళ్లిపోతుంది. చిక్కేమిటంటే ఆ పాయ ఉన్నచోట అలలు పెద్దగా విరగవు. చూసేవాళ్లకు నీరు అక్కడే నెమ్మదిగా, పిల్లలను దింపడానికి అనువుగా కనిపిస్తుంది. అందులో చిక్కినవాడు ఒడ్డు వైపే ఈదాలని చూస్తే అలిసిపోతాడు. ఒడ్డు పొడుగునా పక్కకు ఈది, పాయ దాటాక వెనక్కి రావాలి. ఈత వచ్చిన పెద్దవాళ్లకే ఆ గాభరాలో ఇది గుర్తు రాదు. ప్రతి ఏడూ ఈ తీరంలో మునిగిపోయిన వాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం, వాళ్లలో చాలామంది మనలా బయటి ఊళ్ల నుంచి సరదాగా వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు.

ఈ సందర్భంలో ఇంకో సంగతి చెప్పాలి. సముద్రమే లేని హైదరాబాదులో, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దేశంలోని తీరం మొత్తానికి అలల ఎత్తు ముందుగా చెప్పేది, సునామీ హెచ్చరికలు పంపేది అక్కడి నుంచే. బయల్దేరే ముందు వాన వస్తుందా ఎండ కాస్తుందా అని ఫోన్లో చూసుకుంటాం. ఆ రోజు అలలు ఎట్లా ఉంటాయో చూసుకునే అలవాటు మాత్రం మాలాంటి మెట్ట ప్రాంతాల వాళ్లకు లేదు.

బీచ్ ఇంత సన్నగా ఉందేమిటి, సినిమాల్లో వెడల్పుగా కనిపించేదే అని మా ఆవిడ అడిగింది. దానికి కారణం కొంత మనుషులు చేసిందే. నైరుతి రుతుపవనాల అలలు మన తూర్పు తీరం వెంబడి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. ఆ దారిలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఔటర్ హార్బర్ కోసం కట్టిన రాళ్ల గోడలు అడ్డం నిలిచాయి. ఇసుక అక్కడ ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ వైపు తీరం ఆకలితో ఉంటుంది. ఓడరేవు దగ్గర తవ్వి తీసిన ఇసుకను గొట్టాలతో తెచ్చి బీచ్‌లో పోయడం, సముద్రం దాన్ని మళ్లీ పట్టుకుపోవడం ఏళ్లుగా నడుస్తున్న కథ. ఓడలకు చోటు కావాలంటే ఇసుకకు దారి మూయక తప్పలేదు.

ఎండ గురించి చెప్పకపోతే అన్యాయం. అంకెల్లో చూస్తే మే నెలలో మా వరంగల్లు కంటే విశాఖలో వేడి తక్కువే. కానీ అక్కడ చెమట ఆరదు. పొద్దున తొమ్మిదింటికే పిల్లల మొహాలు కందిపోయాయి. నీడ కోసం చూస్తే విగ్రహాలున్నాయి, సెల్ఫీ బోర్డులున్నాయి, గ్రానైటు బెంచీలున్నాయి, కాలిపోతున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను సూటిగా ఈ ఊరి మీదికే వచ్చి పెద్ద చెట్లను వేళ్లతో సహా పెకిలించింది. ఆ తరవాత నాటినవి ఇప్పుడిప్పుడే నీడ ఇస్తున్నాయి. అది ప్రకృతి చేసింది, సరే. ఆరేళ్ల పిల్లాడు "డాడీ, ఒకటికి" అన్నప్పుడు ఎత్తుకుని పరుగెత్తాల్సినంత దూరం తుపాను వల్ల వచ్చింది కాదు. ఆడపిల్లతో వెళ్లిన తల్లికి ఆ బాధ ఇంకా ఎక్కువ. బీచ్ రోడ్డు అందానికి పెట్టిన ఖర్చులో పదో వంతు శుభ్రమైన మరుగుదొడ్లకు పెట్టినా ఊరి పేరు రెట్టింపవుతుందని నా అభిప్రాయం. బస గురించి ఎక్కువ చెప్పను. సముద్రం కనిపించే గది అని అదనంగా డబ్బు తీసుకున్నారు. కనిపించింది. బాత్రూం కిటికీలోంచి మెడ బయటపెట్టి ఎడమకు తిప్పితే.

నీళ్లలో ఆడుకోవాలన్న కోరిక రుషికొండలో కొంత తీరింది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన తీరమది. ఆ గుర్తింపు రావాలంటే నీటిని క్రమం తప్పకుండా పరీక్షించాలి, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, రక్షకులు ఉండాలి, స్నానానికి హద్దులు గీసి ఉండాలి. 2025లో నిర్వహణ సరిగా లేదని కొన్నాళ్లు ఆ గుర్తింపును ఆపి, మళ్లీ ఇచ్చారు. అంటే జెండా ఎగరేస్తే సరిపోదు, రోజూ ఊడ్వాలి. మేం వెళ్లినప్పుడు రక్షకుడు చూపించిన గీత లోపల పిల్లలు గంటసేపు తడిశారు. మా ఆవిడా నేనూ ఒకరి తరవాత ఒకరం నీళ్లలో నిలబడ్డాం, ఒకరి కళ్లు ఎప్పుడూ పిల్లల మీదే. దీన్ని విశ్రాంతి అనడానికి నాకు మనసొప్పదు.

కైలాసగిరి, రోప్‌వే, శివపార్వతుల విగ్రహాలు, చిన్న రైలు అన్నీ చూశాం. కొండ మీద నుంచి తీరం వంపు చూస్తే నిజంగా కడుపు నిండుతుంది. పిల్లలు ఐస్‌క్రీమ్ అడిగారు.

వాళ్లకు విశాఖ నచ్చడం మొదలైంది కుర్సుర దగ్గర.

ఐఎన్ఎస్ కుర్సుర సోవియట్ యూనియన్లో తయారైన జలాంతర్గామి. 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. ఆ తరవాత దాన్ని సముద్రంలోంచి ఒడ్డుకు లాగి, కాంక్రీటు పునాది మీద కూర్చోబెట్టి 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల దాదాపు 75 మంది ఉండేవారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపుల్లోంచి దూరాలి. నా నెత్తి రెండుచోట్ల తగిలింది. మా బాబు మాత్రం నిటారుగా నడిచి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో వాడి ఎత్తుకు కట్టిన చోటు అదొక్కటే. లోపల వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు, బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పరు. నీళ్ల కింద ఉన్నంతసేపు బ్యాటరీలతో నడుస్తుందని, అవి అయిపోతే గాలి అందేంత పైకి వచ్చి డీజిల్ ఇంజన్లు తిప్పి ఛార్జింగ్ చేసుకోవాలని, శత్రువుకు దొరికిపోయే సమయం అదేనని వాళ్లలో ఒకాయన చెబితే మా పాప, "అంటే మనింట్ల ఇన్వర్టర్ లెక్కనా అంకుల్?" అంది. "అలాగే తల్లీ, కాకపోతే మీ ఇంటి చుట్టూ శత్రువులుండరు" అన్నాడాయన. మంచినీళ్లు కొలిచి వాడుకోవడం, మనిషి పక్కకు తిరగడానికి కూడా చోటు చాలని పడకలు, పడకల దగ్గరే టార్పెడోలు. పిల్లలు అడిగిన ప్రశ్నలకు మా వెనక వరస ఆగిపోయింది.

రోడ్డు దాటితే ఎదురుగా టీయూ-142 విమానం. 2017లో రిటైరై అదే ఏడాది మ్యూజియం అయింది. ఒక్కో ఇంజన్‌కు రెండేసి పంకాలు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. ఈ విమానం పనేమిటో తెలుసా? జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం. రోడ్డుకు అటు పక్క దాక్కునేది, ఇటు పక్క వెతికేది. దాగుడుమూతలు ఆడే పిల్లలకు ఇంకేం చెప్పాలి? నౌకాదళం వాళ్లు ఆలోచించి పెట్టారో, ఖాళీ స్థలం దొరికి పెట్టారో గానీ ఇంత చక్కటి పాఠం నేను ఏ బళ్లోనూ చూడలేదు.

అక్కడికి దగ్గర్లోనే 1971 యుద్ధ విజయ స్మారకం. ఆ డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. మన నౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్ల అని మనం అంటాం, లోపలి పేలుడు వల్లనో తను పరిచిన మందుపాతర వల్లనో అని వాళ్లంటారు. "అది ఇప్పుడెక్కడుంది?" అన్నాడు మా వాడు. అక్కడే, సముద్రం అడుగున, అందులోని మనుషులతో సహా. వాడు చాలాసేపు నీళ్ల వైపు చూశాడు. అంతకుముందు రోజు ఈత కొట్టనివ్వలేదని ఏడ్చిన పిల్లాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి మా తిరుగుడు మారింది. బీచ్ మీద గోడ ఎక్కి కూర్చుని దూరంగా నిలబడ్డ ఓడలు లెక్కపెట్టడం పని అయింది. అవి ఎందుకు కదలట్లేదని పాప ప్రశ్న. రేవులో చోటు కోసం తమ వంతు రావాలని ఆగాయి. విశాఖ రేవు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు, గాలికి అడ్డంగా ఉండడం వల్లే అక్కడ రేవు కట్టగలిగారు. కట్టేటప్పుడు రెండు పాత ఓడలను కావాలనే ముంచి అలలకు అడ్డుగోడగా వాడుకున్నారు. మా బాబుకు ఆ ఒక్క విషయం చాలు, ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి. స్వతంత్రం వచ్చాక దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ జల ఉష ఇక్కడి షిప్‌యార్డులోనే 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. రేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు గుట్టల మీద ఒక చర్చి, ఒక దర్గా, ఒక వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి.

చేపల రేవుకు వెళితే వందల మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. బడి సెలవులూ వేట సెలవులూ ఒకేసారి వస్తాయన్నమాట. వేలం కేకలు వినే అదృష్టం లేకపోయినా, పడవలకు రంగులు వేయడం, వలలు అల్లడం, ఇంజను విప్పి నూనెలో కడగడం తీరిగ్గా చూశాం. వల కన్నులు చిన్నవైతే పిల్ల చేపలు కూడా చిక్కుతాయి, అందుకే కన్ను పెద్దదిగా ఉండాలని ఒక జాలరి మా పాపకు వేలు దూర్చి చూపించాడు. వాసనకు ముక్కు మూసుకున్నది మేమిద్దరమే.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కాం. కొండరాయిలో నీళ్ల తొట్లు తొలిచి ఉండబట్టి ఆ పేరు. 1976లో నౌకాదళం స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధ క్షేత్రమిది. తరవాత పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడి భిక్షువులు కొండ మీది నుంచి సరుకుల పడవలు చూశారు, మేం అదే చోటు నుంచి కంటైనర్ ఓడలు చూశాం. ఈ తీరం సరదాకు పుట్టింది కాదు, బతుకుతెరువుకు పుట్టింది అని నాకు అక్కడ గట్టిగా అనిపించింది. బొగ్గు ధూళి, చేపల వాసన, రిఫైనరీ గొట్టాలు, యుద్ధనౌకలు ఇవన్నీ విశాఖ అందానికి మచ్చలని అనేవాళ్లున్నారు. రేవు పక్క కాలనీల్లో ఆ ధూళి పీల్చేవాళ్ల బాధ నిజమే, దాన్ని తగ్గించాల్సిందే. కానీ ఆ పనులన్నీ తీసేసి ఇసుక, గొడుగులు మాత్రమే మిగిల్చిన విశాఖను చూడమంటే మా పిల్లలు రెండో రోజే ఇంటికి పోదామనేవాళ్లు.

తిండి విషయంలో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. సాయంత్రం బీచ్‌లో నిమ్మరసం పిండిన మురీ మిక్చర్, వేడి బజ్జీలు. రైల్లోకి మాడుగుల హల్వా. వేటకు సెలవైనా చిన్న తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చిన చేపల వేపుడు దొరికింది. అరకు, బొర్రా గుహలు ఈసారికి వదిలేశాం. చిన్నపిల్లలతో విశాఖ, అరకు రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకుంటే కిటికీ పక్క సీటు కోసం కొట్లాటే మిగులుతుంది.

నా తీర్పు ఇది. చిన్నపిల్లలను నీళ్లలో ఆడించడమే మీ కోరికైతే విశాఖ మీకు సగమే నచ్చుతుంది. సముద్రంతో మనుషులు ఏమేం పనులు చేస్తారో చూపించాలనుకుంటే తెలుగునాట దానికి సాటి ఊరు లేదు. వీలైతే మే నెలలో కాకుండా నవంబరు, జనవరి మధ్య వెళ్లండి. పొద్దున వాహనాలు ఆపిన వేళకు బీచ్ రోడ్డు మీద ఉండండి. ఆర్కే బీచ్‌లో పిల్లలను చీలమండ లోతు దాటనివ్వకండి, తడవాలంటే రుషికొండలో రక్షకుడు చూపించిన గీత లోపలే తడవనివ్వండి. ఒడ్డున ఉన్న జాలర్లు వద్దంటే ఎందుకని అడగకుండా వెనక్కి రండి. చివరగా, సోమవారాన్ని ఆర్కే బీచ్‌కు పెట్టుకోకండి. కుర్సురకు ఆ రోజు సెలవు.